అక్టోబరు గాలికి ముందే వీధి చెట్లు, పార్కుల పని

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. విజయనగరం, శ్రీకాకుళం మున్సిపల్ సిబ్బందికి ఈ రెండు తేదీలు చాలు: చెట్ల పని సెప్టెంబరు నెలాఖరుకే ముగియాలి. తుపాను హెచ్చరిక వచ్చాక కొమ్మలు కొడితే వాటిని ఎత్తే తీరిక ఉండదు, అవే కాలవలకు అడ్డం పడతాయి.

ముందు చెట్టు మొదలు చూడండి. సిమెంటు, పేవర్ బ్లాకులు కాండాన్ని ఆనుకుని ఉంటే చుట్టూ కనీసం మీటరు మేర తీసేయండి. మొదలు దగ్గర నేల బీటలిచ్చినా, పుట్టగొడుగులు లేచినా, సుత్తితో తడితే బోలు చప్పుడు వచ్చినా ఆ చెట్టును అనుమానించాలి. కాలవ కోసం ఒకవైపు వేళ్లు నరికిన చెట్టును మరీను. తురాయి కొమ్మ పెళుసు, వేరు పైపైనే ఉంటుంది కాబట్టి దాన్ని ముందు వరసలో పెట్టండి. చెట్టునే తీసేయాల్సి వస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తప్పనిసరి.

కరెంటు తీగల దగ్గర పనికి విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ నుంచి లైన్ క్లియర్ (సరఫరా ఆపామనే అనుమతి) చేతికి వచ్చేదాకా నిచ్చెన వేయొద్దు.

పెద్ద కొమ్మను ఒక్క వేటుకు కొడితే సగం తెగగానే బరువుకు విరిగి, కాండం మీది బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. ఆ గాయంలోంచే పుచ్చు మొదలవుతుంది. అందుకే మూడు కోతలు. కాండానికి అడుగున్నర దూరంలో కింది నుంచి మూడో వంతు కోయండి. దానికి రెండంగుళాలు బయటగా పైనుంచి కోస్తే కొమ్మ రాలిపోతుంది. మిగిలిన మోడును కాండం దగ్గరి ఉబ్బును వదిలి, దాని అంచున కోయండి. తారు, రంగు పూయొద్దు, చెట్టే మాన్పుకుంటుంది.

చెట్టు తల నరకడం మాత్రం మానాలి. నరికిన చోట గుత్తులుగా లేచే రెమ్మలకు పట్టు ఉండదు, అవే పెరిగి మళ్లీ తీగల్ని తాకుతాయి. ఒక విడతలో పావు వంతుకు మించి కొమ్మలు తీయకండి.

పార్కులో ఉయ్యాల గొలుసు కొక్కెం చూడండి. ఒరిసి మూడో వంతు సన్నబడితే మార్చేయాలి. ఉప్పుగాలికి ఇనుప కాళ్లను నేలమట్టం దగ్గరే తుప్పు తినేస్తుంది, రంగు గీకి చూస్తేగాని తెలియదు. కింద అడుగు మందాన ఇసుక ఉండాలి, వాన తర్వాత గట్టిపడితే గుల్ల చేయాలి.