క్రాలర్‌కు సొంత ఛాసిస్: కడప బండ మీద మొదలుపెట్టండి

వంటింట్లో నల్ల కడప బండ గట్టు ఉంటుంది కదా, రాళ్లెక్కే రిమోట్ బండికి మీరు చేసిన ఒట్టి ఫ్రేమును, అంటే ఛాసిస్‌ను, దాని మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కి చూడండి. ఎక్కడన్నా టకటకమందంటే ఆ ఫ్రేము ఎంత మెరిసినా పనికిరాదు. నేను చేసిన మొదటి ఫ్రేములో ఒక మూల కింద పోస్టుకార్డు దూరేంత సందు ఉండింది. స్ప్రింగులున్నాయి కదా, అవే సర్దుకుంటాయిలే అని సామానంతా బిగించేశాను. రాళ్ల మీదికి ఎక్కించిన ప్రతిసారీ బండి ఎడమవైపుకే ఒరిగేది. షాకులు మార్చాను, వాటిలో ఆయిల్ మార్చాను, టైర్లలో స్పాంజి మార్చాను, నెల రోజులు పోయాక గానీ తెలియలేదు తప్పంతా ఫ్రేము మెలికలోనే ఉందని. అందుకే ఇక్కడ కోయడం గురించి తక్కువ, గుర్తులు పెట్టుకోవడం గురించి ఎక్కువ చెప్తాను.

నేను చెప్పేది 1/10 సైజు (అసలు బండిలో పదో వంతు) రాక్ క్రాలర్ గురించి, అంటే మెల్లగా రాళ్లెక్కే రిమోట్ బండి. నున్నటి తారు రోడ్డు మీద దూసుకుపోయే కార్లకు పలక లాంటి ఛాసిస్ కావాలి, దాని లెక్కలు వేరు. మాకు కడపలో చుట్టూ ఉన్నది పాలకొండలు, పలుగురాళ్లు, బండల ముక్కలు, కాబట్టి క్రాలరే ఇక్కడికి సరైన బండి అని నా అభిప్రాయం. దీనికి చేసేది నిచ్చెన ఫ్రేము. లారీ కింద వంగి చూస్తే రెండు పొడవాటి పట్టాలు, వాటి మధ్య అడ్డకమ్మీలు కనిపిస్తాయే, అదే.

ముందు సామాను తెచ్చుకోండి, ఛాసిస్ గీత తర్వాత గీయండి. యాక్సిళ్లు, గేర్‌బాక్సు, మోటారు, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు పెట్టె), షాకులు, టైర్లు అన్నీ చేతిలో ఉండాలి. ఇవి మా ఊళ్లో దొరకవు, ఆన్‌లైన్లో తెప్పించుకోవాల్సిందే, పార్సిల్ వచ్చేదాకా ఓపిక పట్టండి. వచ్చాక వెర్నియర్ కాలిపర్‌తో ప్రతిదీ మీరే కొలవండి. 540 సైజు మోటారు అంటే దాదాపు 36 మి.మీ. వ్యాసం, ముందు మొహం మీద ఎం3 (3 మి.మీ.) స్క్రూ బెజ్జాలు రెండూ 25 మి.మీ. దూరంలో ఉంటాయి. స్టాండర్డ్ సర్వో ఒళ్లు సుమారు 40 మి.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు. ఇలాంటివి తెలిసినవే అయినా గేర్‌బాక్సు కింది స్కిడ్ ప్లేటు (అడుగు పలక) మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో వెడల్పు, రెండు పట్టాల మధ్య దూరాన్ని తేల్చేది అదే. నా దానికి 70 మి.మీ. వచ్చింది. ముందు వెనక యాక్సిళ్ల మధ్య దూరం 313 మి.మీ. పెట్టుకుంటే మంచిది, ఆ కొలతకు సరిపోయే బాడీలు చాలా దొరుకుతాయి.

లోహం ముట్టుకునే ముందు అట్టతో ఒకటి చేయండి. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, మందంగా, బిరుసుగా ఉండేవి, వాటిని కత్తిరించి రెండు పట్టాలూ అడ్డకమ్మీలూ చేసి, సామానంతా టేపుతో అతికించి చూడండి. బ్యాటరీ తీయడానికి చెయ్యి దూరుతుందా, సర్వో కొమ్ము (దాని మీద తిరిగే చిన్న చెయ్యి) మోటారుకు తగులుతుందా, ఇవన్నీ అక్కడే తేలిపోతాయి. ఈ ఒక్క సాయంత్రం పని నాకు రెండు పట్టీలు మిగిల్చింది.

పట్టాలకు నేను వాడేది 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం పట్టీ. కిటికీలు, తలుపుల అల్యూమినియం పని చేసే అంగట్లో అడిగితే మిగిలిన ముక్కలు ఉంటాయి. "రిమోట్ కారుకన్నా" అంటే నాకిచ్చిన ఆయన నవ్వి, గీతలు పడని ముక్క వెతికి మరీ ఇచ్చాడు. కిటికీ సెక్షన్లు సాధారణంగా 6063 రకం, కొంచెం మెత్తన. 6061 టి6 పలక దొరికితే ఇంకా గట్టిది, కానీ దాన్ని సన్నటి మలుపుతో వంచబోతే పగులుతుంది, తిన్నగానే వాడుకోండి. ఒక్కో పట్టా 440 మి.మీ. పొడవు అనుకుంటే సుమారు 89 గ్రాములు తూగుతుంది. అదే 2 మి.మీ. ఇనుముతో చేస్తే 170 గ్రాములు దాటుతుంది. క్రాలర్‌కు బరువు చెడ్డది కాదు, పైన ఉన్న బరువే చెడ్డది, అందుకే పట్టాల దగ్గర మిగుల్చుకున్న గ్రాములను తర్వాత కింద యాక్సిళ్ల దగ్గర పెట్టుకుంటాం. కార్బన్ ఫైబర్ పలక కూడా కొందరు వాడతారు. చూడ్డానికి బాగుంటుంది గానీ రాళ్లకు తగిలి అంచు చీలుతుంది, కరెంటు కూడా దాని గుండా పారుతుంది కాబట్టి వైరు ఒలిచిన చోట తగిలితే ప్రమాదం. కోసేటప్పుడు వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, కోయాల్సి వస్తే నీళ్లు చల్లుతూ, మాస్కు పెట్టుకుని కోయండి.

ఇక అసలు పని. రెండు పట్టీలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యలో డబుల్ సైడ్ టేపు వేసి అతికించేయండి. కింది అంచులు రెండూ గట్టు మీద ఆనించి, ఒకే మట్టంలో ఉన్నాయని చేత్తో తడిమి చూసుకుని అప్పుడు గట్టిగా నొక్కండి. ఇప్పుడు ఆ రెండూ ఒక్కటే ముక్క. ఏ బెజ్జం వేసినా రెండింటికీ ఒకే చోట పడుతుంది, కొలత అర మిల్లీమీటరు తప్పినా రెండు పక్కలా ఒకేలా తప్పుతుంది కాబట్టి బండి వంకరపోదు. నేను మొదటి ఫ్రేములో విడివిడిగా బెజ్జాలు వేసి చెడగొట్టుకున్నది ఇక్కడే. ముందు వైపు బాణం గుర్తు, బయటి వైపు "బ" అని మార్కర్‌తో రాసుకోండి. టేపు ఊడదీశాక ఏది కుడిపట్టానో ఏది ఎడమపట్టానో అయోమయం ఉండదు.

కొలతలన్నీ ఒకే చివర నుంచి పెట్టండి. బెజ్జానికి బెజ్జానికి మధ్య కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తప్పులన్నీ కూడి చివరికి పెద్ద తప్పవుతుంది. పట్టీ మీద మార్కర్ పూసి, సూదిమొనతో సన్నగా గీత గీసి, గీతలు కలిసే చోట సెంటర్ పంచ్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. తర్వాత వెర్నియర్‌తో మళ్లీ కొలవండి. గుంట పక్కకు పడి ఉంటే పంచ్‌ను వాలుగా పెట్టి కొడితే గుంట జరుగుతుంది, బెజ్జం వేశాక మాత్రం జరపలేరు. ముందు 2 మి.మీ. బిట్టు, తర్వాత 3.2 మి.మీ. బిట్టు. అడుగున చెక్క పెట్టి, పట్టీని క్లాంపుతో బిగించి, బిట్టుకు ఒక చుక్క కిరసనాయిలు తగిలించండి, లేకపోతే అల్యూమినియం కరిగినట్టయి బిట్టు పళ్లకు అంటుకుంటుంది. రెండు చివర్లలో మొదటి రెండు బెజ్జాలు పడగానే వాటిలో ఎం3 బోల్టులు వేసి బిగించండి, వేడికి టేపు జారినా పట్టీలు కదలవు. కళ్లద్దాలు లేకుండా డ్రిల్ పట్టుకోవద్దు.

కోతకు హ్యాక్సాలో అంగుళానికి 24 పళ్లున్న బ్లేడు సరిపోతుంది. గీతకు ఒక మి.మీ. బయట కోసి, మిగిలింది ఆకురాయితో అరగదీయండి.

అడ్డకమ్మీలకు 20 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం కడ్డీ తీసుకుని, లేత్ పని చేసే చోట ఇచ్చి అన్నీ ఒకే పొడవుకు ఫేసింగ్ చేయించుకోండి. ఇక్కడ మాత్రం చేత్తో అరగదీస్తే కుదరదు, చివర మొహం మూలమట్టానికి సరిగ్గా ఉండకపోతే స్క్రూ బిగించే కొద్దీ పట్టా మెలిపడుతుంది. ఒక్కో చివర రెండు స్క్రూలు ఉండాలి. ఒకటే ఉంటే అది తలుపు బందులా తిరుగుతుంది, ఫ్రేము పక్కకు వాలిపోతుంది. ఎం3 మరకు 2.5 మి.మీ. బెజ్జం వేసి, ట్యాపును (మర కోసే పనిముట్టు) అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ దించండి. బిగుసుకుంటే బలం పెట్టకండి, లోపల ట్యాపు విరిగితే ఆ కడ్డీ పారేయాల్సిందే.

అడ్డకమ్మీలు ముందు ఒకటి, సర్వో దగ్గర ఒకటి, వెనక షాకుల దగ్గర ఒకటి, వెనక చివర ఒకటి, నడుమ స్కిడ్ ప్లేటు. అన్ని స్క్రూలూ వదులుగా ఎక్కించి ఫ్రేమును బండ మీద పెట్టండి. పైన రెండు ఇటుకలు పెట్టి, కారు చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. తర్వాత మూల నుంచి ఎదురు మూలకు రెండు కొలతలూ తీయండి. అర మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే మళ్లీ వదులు చేసి మొదలుపెట్టండి. అన్నట్టు ఏ బండైనా సమంగా ఉంటుందని నమ్మకండి, స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి వెనక నుంచి టార్చి వేస్తే వెలుతురు రాని చోటు ఎంచుకోండి. పాలిష్ బండ దొరక్కపోతే మందపాటి అద్దం ముక్క.

వెనక యాక్సిలుకు నాలుగు లింకులు (యాక్సిలును ఫ్రేముకు కలిపే కమ్మీలు), ముందు మూడు లింకులు, ఒక పాన్‌హార్డ్ రాడ్డు (యాక్సిలు పక్కకు జరగకుండా అడ్డంగా పట్టేది). కింది లింకులు నేలకు దాదాపు సమాంతరంగా ఉండేలా చూడండి. అవి ఫ్రేము వైపు బాగా ఎత్తుగా వాలి ఉంటే గ్యాస్ ఇవ్వగానే బండి వెనక భాగం పైకి లేస్తుంది. పై లింకులకు పట్టాలో ఒకదాని కింద ఒకటి 6 మి.మీ. ఎడంతో మూడు బెజ్జాలు ముందే వేసి పెట్టుకోండి, తర్వాత మార్చి చూసుకోవచ్చు.

పాన్‌హార్డ్ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. సర్వో ఫ్రేముకు బిగించి ఉంటే, సర్వో కొమ్ము నుంచి చక్రానికి వెళ్లే రాడ్డు, పాన్‌హార్డ్ రాడ్డు రెండూ ఒకే పొడవు, ఒకే వాలులో ఉండాలి, ఫ్రేముకు తగిలే కొస రెండింటికీ ఒకే పక్కన ఉండాలి. నేను ఒకసారి పాన్‌హార్డ్‌ను ఎదురు పక్క బిగించాను. చేత్తో ముందు భాగం నొక్కితే చాలు, రిమోట్ ముట్టుకోకుండానే చక్రాలు పక్కకు తిరిగేవి. రాయి ఎక్కే ప్రతిసారీ బండి తనంతట తానే దారి మార్చుకునేది. రాడ్డును ఇటు పక్కకు మార్చగానే ఆ రోగం కుదిరింది.

షాకులు బిగించే ముందు స్ప్రింగులు తీసేయండి. ఒట్టి షాకులతో ఒక చక్రాన్ని పూర్తిగా పైకి, ఎదురు చక్రాన్ని పూర్తిగా కిందికి నెట్టి, అలాగే స్టీరింగ్ చివరంటా తిప్పండి. టైరు పట్టాకు రాసుకుంటుందా, లింకు గేర్‌బాక్సుకు తగులుతుందా, చూడండి. ఇదే సమయంలో డ్రైవ్ షాఫ్టు కూడా గమనించాలి. యాక్సిలు పూర్తిగా జారినప్పుడు షాఫ్టు లోపలి భాగం ఇంకా 10 మి.మీ. అయినా బయటి దానిలో ఉండాలి, పూర్తిగా పైకొచ్చినప్పుడు అడుగు తట్టకూడదు. రెండు చివర్లలోని యోకులు (కీలును పట్టే చీలికలు) ఒకే వరుసలో ఉండేలా కలపండి. ఒక పన్ను అటు ఇటైనా బండి వణుకుతుంది. పినియన్ (మోటారు మీది చిన్న గేరు), స్పర్ (దాంతో కలిసే పెద్ద గేరు) మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి దగ్గరకు నొక్కి మోటారు బిగించి, కాగితం లాగేస్తే సందు సరిగ్గా వస్తుంది.

బరువు చూడటానికి వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ముందు చక్రాలు త్రాసు మీద, వెనక చక్రాలు అంతే ఎత్తున్న పుస్తకాల మీద. మొత్తంలో 55 నుంచి 60 శాతం ముందు పడితే ఏటవాలు రాయి బాగా ఎక్కుతుంది. బ్యాటరీని వీలైనంత ముందుకు, వీలైనంత కిందికి పెడితే సగం పని అయిపోతుంది. తర్వాత బండిని బండ ముక్క మీద అడ్డంగా నిలిపి, ఒక పక్క మెల్లగా ఎత్తుతూ, దొర్లబోయే కోణం ఫోన్‌లో కోణం కొలిచే యాప్‌తో చూసుకోండి. రెండు పక్కలా ఒకే కోణం రాకపోతే బరువు ఒకవైపే ఉందని అర్థం.

రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిండుగా 8.4 వోల్టులు, ఒక్కో సెల్లు 3.2 కంటే దిగకముందే ఆపేయండి, మోటారు స్పీడ్ కంట్రోలర్లో లైపో కటాఫ్ (వోల్టేజీ దిగగానే తనే ఆగేలా) పెట్టుకోండి. మా ఎండల్లో, 40 డిగ్రీలు దాటే రోజుల్లో, మూసిన కారులో బ్యాటరీ వదిలేసి పోవద్దు, ఉబ్బిపోతుంది. వారం రోజులు వాడనప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

లోహంలోకి దిగే ప్రతి స్క్రూకు నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క, నట్లు వచ్చే చోట నైలాక్ నట్లు (లోపల నైలాన్ చుట్టు ఉండేవి). ప్లాస్టిక్‌లోకి దిగే వాటికి థ్రెడ్‌లాక్ వాడకండి, ప్లాస్టిక్ పగులుతుంది.

మొదటి పరుగుకు దూరం పోనక్కర్లేదు. పాలిష్ ఫ్యాక్టరీల బయట పడేసిన బండ ముక్కలు అడిగి తెచ్చి పెరట్లో మెట్లలా పేర్చండి. పొడిగా ఉన్నప్పుడు పట్టు బాగుంటుంది, నీళ్లు పడితే నున్నగా జారుతుంది, ఒకే చోట రెండు పరీక్షలూ అయిపోతాయి. పది నిమిషాలు నడిపి ఆపి, ప్రతి స్క్రూను కీతో తాకి చూడండి, సామాను విప్పి ఒట్టి ఫ్రేమును మళ్లీ గట్టు మీద పెట్టి మూలలు నొక్కండి. అక్కడ చప్పుడు లేకపోతేనే గండికోట పెన్నా లోయ అంచున ఉన్న ఎర్ర బండల దాకా తీసుకుపోండి. కోట గోడల మీద మాత్రం ఎక్కించకండి, బయట ఉన్న రాళ్లే మీకు రెండు బ్యాటరీలకు సరిపోతాయి.