నాన్న స్ప్లెండర్‌కి వెనక షాకబ్జర్లు సెట్ చేసిన పద్ధతి

మా ఇంట్లో ఉన్నది 2003 మోడల్ హీరో హోండా స్ప్లెండర్. పదేళ్ళ పైన నాన్న రెండు పూటలా దాని మీదే తెనాలికి పాలు పోశాడు. చెరో పక్కన 20 లీటర్ల క్యాను, పాల బరువే 40 కిలోలు దాటేది. ఇప్పుడు బండి నేను నడుపుతున్నాను. క్యాన్లు లేవు. అయినా కాలవ కట్ట మీద చిన్న గుంత తగిలితే చాలు, సీటు నన్ను పైకి ఎగరేసేది. అమ్మ వెనక కూర్చుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర నా భుజం గట్టిగా పట్టుకునేది, ఇంటికొచ్చి నడుం పట్టేసిందని పడుకునేది.

ఒక షెడ్డులో చూపిస్తే షాకబ్జర్లు పోయాయి, జత మార్చాలన్నారు. డబ్బు పెట్టే ముందు ఒకసారి వంగి చూశాను. రెండు పక్కలా స్ప్రింగు కింద ఉండే రింగు ఆఖరి మెట్టు మీద ఉంది. క్యాన్ల బరువుకని నాన్న బిగించాడు, ఆ తర్వాత ఎవరూ వదులు చెయ్యలేదు.

మీ పాత బండి కూడా ఇలాగే కుదిపేస్తుంటే ముందు షాకబ్జర్ బతికే ఉందో లేదో చూడండి. సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి అక్కడితో కుదురుకుంటే లోపల ఆయిల్ పని చేస్తున్నట్టే. రెండు మూడు సార్లు ఊగితే, లేదా రాడ్డు పొడవునా నూనెతో తడిసిన మట్టి అంటుకుని ఉంటే, రింగు ఎంత తిప్పినా లాభం లేదు. అప్పుడు జత మార్చాల్సిందే. మాది ఒక్కసారికే కుదురుకుంది.

రింగు చేసే పని తెలిస్తే సగం తికమక పోతుంది. దాని అంచు మెట్లు మెట్లుగా కోసి ఉంటుంది. మా బండికి ఐదు మెట్లు, కొన్ని బండ్లకు మూడే. షాకబ్జర్ ఒంటికి ఉన్న చిన్న బొడిపె ఈ మెట్లలో ఒకదాంట్లో కూర్చుంటుంది. పై మెట్టుకు తిప్పితే రింగు జరిగి స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచుతుంది. స్ప్రింగు గట్టిపడిందని చాలామంది అనుకుంటారు. స్ప్రింగు అదే. బరువు పడినప్పుడు బండి ఎంత దిగాలన్నదే మారుతుంది. నా ఒక్కడి బరువుకు మా బండి దిగడమే లేదు, అందుకే ప్రతి గుంతా నడుముకు తెలిసేది.

ఎంత దిగుతోందో టేపుతో కొలవచ్చు, ఇంకో మనిషి సాయం కావాలి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నట్టు (చక్రం నడిమధ్య ఇరుసుకు బిగించిన నట్టు) మధ్య నుంచి నిట్టనిలువుగా సీటు కింద ఒక గుర్తు దాకా కొలవండి. మాకు 512 మిల్లీమీటర్లు వచ్చింది. తర్వాత స్టాండ్ తీసి, మీరు మామూలుగా కూర్చుని, రెండో మనిషి చేత అదే చోట కొలిపించండి. ఆఖరి మెట్టు మీద 501 వచ్చింది, అంటే దిగింది 11 మిల్లీమీటర్లే. చక్రం పైకీ కిందికీ మొత్తం ఆడే దూరంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దిగితే బండి సుఖంగా ఉంటుంది. మా బండికి 25 దగ్గర పడితే చాలనుకున్నాను.

ఇక తిప్పడం. ఇంజను, సైలెన్సర్ బాగా చల్లారాక మొదలుపెట్టండి. కుడి పక్క రింగు సైలెన్సర్‌కు దగ్గర, పానా జారితే చెయ్యి నేరుగా దానికే తగులుతుంది. సెంటర్ స్టాండ్ మీదే చెయ్యాలి, అప్పుడే స్ప్రింగు మీద బరువు ఉండదు. మా రింగులు ఇన్నేళ్ళ బురదకి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. వైరు బ్రష్‌తో రుద్ది, కొంచెం డీజిల్ పట్టించి రాత్రంతా వదిలేశాను. డీజిల్ కింది రబ్బరు బుష్షుల మీద పడకుండా గుడ్డ కట్టాను. పొద్దున హుక్ పానా, అంటే చివర కొక్కెంలా వంగి ఉండే పానా, తగిలించి నెమ్మదిగా లాగితే టక్కుమని ఒక మెట్టు దిగింది. ఆ చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే బొడిపె మెట్టులో సరిగ్గా కూర్చోలేదని అర్థం. స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో కొట్టకండి, రింగు అంచు విరిగిపోతుంది. పానా ఆటో స్పేర్స్ షాపులో దొరుకుతుంది.

రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాలి, ఇందులో రాజీ లేదు. ఒకటి రెండు మీద, ఇంకొకటి మూడు మీద ఉంటే బరువు సమంగా పడదు, మలుపులో బండి ఒక పక్కకు లాగినట్టు ఉంటుంది. కళ్ళతో చూసి నమ్మకుండా వేలితో తడిమి మెట్లు లెక్కపెట్టండి.

రెండో మెట్టు మీద నాకు 488 వచ్చింది, అంటే 24 దిగింది. నేనొక్కడినే తిరిగే రోజుల్లో అదే ఉంచుతున్నాను. అమ్మ వెనక కూర్చుంటే మూడు. బస్తా వేసుకుని మిల్లుకు వెళ్ళేటప్పుడు నాలుగు, తిరిగి రాగానే మళ్ళీ రెండు.

వెనక భాగం దిగితే హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది, రాత్రి గోడ మీద వేసి సరిచేసుకోండి. చెయిన్ వదులు కూడా మీరు కూర్చుని ఉండగా ఇంకొకరి చేత చూపించండి. టైర్లో గాలి ఎక్కువగా ఉన్నా బండి ఇలాగే కొడుతుంది, చెయిన్ గార్డు మీది స్టిక్కరు చూసి పట్టించండి.

ప్రతిసారీ వంగి లెక్కపెట్టడం కష్టమని మా అమ్మాయి గోళ్ళ రంగు తీసుకుని, రెండు రింగుల మీదా రెండో మెట్టు దగ్గర ఎర్ర చుక్క పెట్టాను. మూడో మెట్టుకు అమ్మ పసుపు రంగు చుక్క పెట్టమంది.