పేటను వెలేస్తే మొదటి వారంలో చేయాల్సిన పని

దళిత పేట కుర్రాడొకడు ఎవరితోనో గొడవపడినా, విగ్రహం దగ్గర మాటామాటా పెరిగినా, ఊరు కోపం తీర్చుకునేది పేట మొత్తం మీద. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితులకు జరిగింది అదే. వెలికి దెబ్బలుండవు, గాయాలకు డాక్టరిచ్చే వూండ్ సర్టిఫికెట్ ఉండదు. కేసు నిలబడేది మీరు రాసి పెట్టుకున్నదాని మీదే.

ఒక నోటు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరగండి. తేదీ, వేళ, కాదన్నది ఎవరు, దేన్ని కాదన్నారు, పక్కన ఎవరున్నారు అన్నీ రాయాలి. అన్న మాట అన్నట్టే రాయాలి. “మమ్మల్ని వెలేశారు” అంటే చాలదు. “ఫలానా పొద్దున ఫలానా కొట్లో పంచదార అడిగితే, మీ పేటోళ్లకిస్తే నాకు జరిమానా వేస్తారన్నాడు” అని ఉండాలి. ఆ జరిమానా మాట చాలా విలువైంది. వెనకాల పెద్దల నిర్ణయం ఉందని చూపించేది అదే.

కేసులు ఎక్కువగా జారిపోయేది పని దగ్గర. “మిషన్‌తో కోయించాం, కూలీలు అక్కర్లేకపోయారు” అంటారు. పోయిన సార్వాలో (వానాకాలం పంటలో) ఆ చేలో కోత కోసింది ఎవరు, కూలి ఎంత, ఈసారి ఏ ఊరి నుంచి ఆటోల్లో మనుషుల్ని తెచ్చారు? ఇవి పేర్లతో సహా పక్కపక్కన పెడితే ఆ సాకు నిలవదు. కౌలూ అంతే. ఏటా నూర్పులయ్యాక బస్తాల లెక్కన కొలిచే కౌలును ఈ దాళ్వాకి (రెండో పంటకి) ముందే డబ్బు రూపంలో కట్టమంటే, చేను లాక్కోకపోయినా రాయండి. అందరికీ మామూలుగా నడిచే షరతుల మీద మీకు కాదనడం కూడా చట్టం దృష్టిలో ఆర్థిక బహిష్కరణే. రొయ్యల చెరువు కాపలా, కొబ్బరి దింపు, ఇళ్లలో పని, పాలు, క్షవరం దేనికది విడిగా రాయాలి.

వాట్సాప్‌లో ఏదైనా వస్తే స్క్రీన్‌షాట్‌తో ఆగకండి. మెసేజ్ వచ్చిన ఫోన్‌ని అలాగే దాచండి.

ఫిర్యాదులో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989లోని సెక్షన్ 3(1)(జడ్‌సి) అని రాయండి. 2015 సవరణతో వచ్చిన, వెలివేతను నేరంగా చెప్పే ఈ సెక్షన్ కింద శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్లు. వెలేస్తామని బెదిరించినా వర్తిస్తుంది. నోటితో చెప్పినా పోలీసులు రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకుని, ఎఫ్‌ఐఆర్ నకలు ఇవ్వాలి. “ముందు విచారిస్తాం” అంటే సెక్షన్ 18ఎ చూపించండి, ఎఫ్‌ఐఆర్‌కి ముందు విచారణ అక్కర్లేదు. అయినా కేసు కట్టకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. హెల్ప్‌లైన్ 14566. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ, ఛార్జిషీటుకు గడువు 60 రోజులు.

చర్చికి వెళ్లే కుటుంబాలు ముందే వకీలుతో మాట్లాడాలి. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన కేసును, మతం మారితే ఈ చట్టం వర్తించదంటూ కొట్టేసింది. బెదిరింపులు జరిగి ఉంటే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్లు కూడా ఫిర్యాదులో పెట్టమనండి.

ఛార్జిషీటు పడ్డాక బాధితుడికి లక్ష రూపాయల సాయం రావాలి. ఆగిపోయిన సేవలన్నీ అందరితో సమానంగా తిరిగి నడిపించడం కూడా ప్రభుత్వం బాధ్యతే. చాలామంది డబ్బు అడిగి ఇది వదిలేస్తున్నారు. నోటు పుస్తకంలోంచి ఆ జాబితా తీసి కలెక్టరుకి అర్జీతో జతచేయండి.

ఈలోగా తహసీల్దారు శాంతి సమావేశం పెడతారు. వెళ్లండి, మాట్లాడండి. కానీ తప్పు రెండు వైపులా ఉందని రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి, రేపు కోర్టులో ముందు తీసేది దాన్నే. ఏ కొట్టు ఏ తేదీ నుంచి సరుకిస్తుందో, ఏ రైతు ఏ కూలీల ముఠాని ఎంత కూలికి పిలుస్తాడో పేర్లతో రాయమనండి. కేసు వాపసు మాట అందులో ఉంటే కొట్టేయించండి.