గమ్ బూటులో కాలు తడుస్తోందా? ప్యాచ్ వేయించే ముందు ఇవి చూడండి

సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారంటే మా పంక్చర్ షాపుకు ట్యూబులతో పాటు గమ్ బూట్లు కూడా వరుస కడతాయి. హాలియా, మిర్యాలగూడ దిక్కు పొలం గట్ల మీద తిరిగేవాళ్లందరిదీ ఒకటే మాట, "లోపలికి నీళ్లొస్తున్నయ్, ప్యాచ్ వెయ్." వాటిలో సగానికి పైగా బూట్లకు అసలు చిల్లే ఉండదు.

నేను ఎప్పుడూ ముందు అడిగేవి రెండే: ఒక్క కాలు తడిసిందా, రెండూ తడిశాయా? మడిలో దిగగానే తడిసిందా, గంట తర్వాతా? ఈ రెండూ ఇంటి దగ్గరే చూసుకుంటే చాలామందికి షాపుకు వచ్చే పనే ఉండదు, కానీ ఎవరూ చూసుకోరు.

దిగిన కాసేపటికే, ఒక్క కాలు

ఇది చిల్లు. బూటు పైభాగం మడిచి గట్టిగా పట్టుకుని, ట్యూబు చూసినట్టే నీళ్ల టబ్బులో ముంచి నొక్కండి. బుడగలు వచ్చిన చోట పెన్నుతో గుర్తు పెట్టండి. వేళ్ల దగ్గర వంగే మడత ముందు చూడాలి, తర్వాత అడుగు. మా దగ్గర సర్కారు తుమ్మ ముల్లు అడుగులో దిగి అక్కడే విరిగిపోతుంది. ఆ ముల్లే బిరడాలాగ పనిచేస్తుంది కాబట్టి చేత్తో నొక్కితే బుడగ రాదు, మనిషి బరువు పడితే మాత్రం నీళ్లు ఎక్కుతాయి. లోపల చెయ్యి పెట్టి వేళ్లతో తడిమి చూడండి.

రబ్బరు బూటైతే గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, కాస్త ఆరాక ట్యూబు ప్యాచ్ వేస్తే నిలబడుతుంది. పీవీసీ (ప్లాస్టిక్) బూటుకు అదే సొల్యూషన్ రాస్తే రెండు రోజుల్లో ఊడొస్తుంది, దానికి పీవీసీ గమ్, పీవీసీ ముక్కే కావాలి.

పిక్క దగ్గర తడి, అరికాలు ఇంకా పొడి

ప్యాంటు బూటులోకి దోపారు, లేదా సాక్సు బూటు అంచు మీదికి మడిచారు. పొద్దున్నే వరి ఆకుల మంచుకు ప్యాంటు మోకాలి దాకా తడుస్తుంది, ఆ తడి గుడ్డ దీపం వత్తి నూనె పీల్చినట్టు నీళ్లను మెల్లగా లోపలికి దింపుతుంది. ప్యాంటు బూటు మీద నుంచి వదలండి. మందు కొట్టేటప్పుడైతే ఇది తప్పనిసరి, లేకపోతే కారిన మందంతా నేరుగా బూటులోకే పోతుంది.

గంట, రెండు గంటల తర్వాత, రెండు కాళ్లూ ఒకే తీరుగా

నేను మోసపోయింది ఇక్కడే. మా ఊరి కాకా ఒకాయన బూట్లకు ఒకే సీజన్‌లో మూడుసార్లు ప్యాచ్ వేశాను. చిల్లు కనిపించకపోయినా అనుమానం ఉన్న చోటల్లా అతికించి పైసలు తీసుకున్నాను. నాలుగోసారి ఆయన రాలేదు. "పైసలు తీసుకుంటవ్ గాని నీళ్లు ఆగుతలేవురా" అని బూట్లు మూలకు పడేసి, రాత్రి మోటరు వేయడానికి వట్టి కాళ్లతో పోయాడు. స్టార్టర్ డబ్బా కింద రక్తపింజర చుట్ట చుట్టుకుని ఉందట, టార్చి వెలుగులో కనిపించింది కాబట్టి సరిపోయింది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆ బూట్లు తెప్పించి, లోపల పేపరు కుక్కి, కాలు పెట్టకుండా మూడు గంటలు టబ్బులో నిలబెట్టాను. పేపరు ఎండిన ఆకులాగ గలగలలాడుతూ బయటికొచ్చింది. నీళ్లు బయటివి కావు, కాకా కాళ్ల చెమట.

ఒంట్లో చెమట గ్రంథులు బాగా ఒత్తుగా ఉండే చోట్లలో అరికాలు ఒకటి. రబ్బరు, పీవీసీ బయటి నీళ్లను ఎంత గట్టిగా ఆపుతాయో లోపలి ఆవిరిని కూడా అంతే గట్టిగా ఆపుతాయి. పైగా మడిలో నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి ఆ ఆవిరి బూటు లోపలి గోడకు తగిలి చుక్కలుగా మారి కిందికి దిగుతుంది. మా బావమరిది ఆర్మీలో ఉండి మంచు కొండల్లో పనిచేశాడు, అక్కడా ఇదే గొడవట, బయటి మంచు కంటే లోపలి చెమటకే ఎక్కువ భయపడి పొడి సాక్సుల జత ఎప్పుడూ దగ్గర పెట్టుకునేవాళ్లమన్నాడు.

మీరూ తేల్చుకోవచ్చు. వట్టి కాలికి పాలిథీన్ కవరు తొడిగి, దాని మీద పొడి సాక్సు వేసి, ఒక గంట పొలంలో తిరగండి. కవరు లోపల తడిగా ఉండి సాక్సు పొడిగా ఉంటే చెమట. సాక్సు తడిస్తే చిల్లు. ఇది పరీక్షకే, రోజూ కవరు కట్టుకుంటే కాలు పాసిపోతుంది.

చెమటకు ప్యాచ్ లేదు, ఆరబెట్టడమే మందు. చాలామంది బూట్లు విప్పి వాకిట్లో నిటారుగా నిలబెట్టి, పొద్దున్నే అవే తొడుక్కుంటారు. నిన్నటి తడి లోపలి గుడ్డలోనే ఉంటుంది కాబట్టి ఈరోజు కాలు తడవడానికి గంట కూడా అవసరం లేదు. లోపలి అట్ట బయటికి తీయండి, పేపరు కుక్కి గంట తర్వాత మార్చండి, ఆపైన గాలి తగిలే నీడలో రెండు కర్రలకు తలకిందులుగా తగిలించండి. ఎండలో పెట్టొద్దు, పొయ్యి పక్కన అసలే వద్దు, పగుళ్లు వస్తాయి. మందపాటి కాటన్ సాక్సు నీళ్లు పట్టుకుని వదలదు, పలుచటి నైలాన్‌ది వేసుకుని మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు ఇంకో జత మార్చండి. తినేంతసేపు కాళ్లు గాలికి పెట్టండి. వేళ్ల సందులు అప్పటికే తెల్లగా పాసి ఉంటే తుడిచి, పూర్తిగా ఆరాకే తొడగండి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.

అడుగు అతుకు ఊడడం, అచ్చులోనే లోపం ఉండడం కూడా ఉంటాయి గానీ అరుదు, అలాంటివి మార్చేయడమే.

కరిగెట్లో, అంటే నాటుకు దున్నిన బురద మడిలో, దిగడానికి గమ్ బూటు వద్దు, బురద పట్టి లాగుతుంది, బూటు అక్కడే ఉండి కాలు బయటికొస్తుంది. గట్లు తిరగడానికి, నీళ్లు మళ్లించడానికి, రాత్రి మోటరు దగ్గరికి పోవడానికే కొనండి. కొనేటప్పుడు మీరు పొలంలో వేసుకునే సాక్సుతోనే తొడిగి, వేళ్లు ముందుకు జరిపితే మడమ వెనక ఒక వేలు పట్టాలి. కాకా ఈసారి అలాగే చూసి రెండు జతలు తీసుకున్నాడు, ఒకటి ఆరుతుంటే ఇంకొకటి వేసుకుంటాడు.