తట్టితే బొమ్మ వచ్చే పాత టీవీని ఇంట్లోనే బాగు చేయడం ఎలా?

ఉరవకొండలో మా అవ్వ దగ్గర 21 అంగుళాల డబ్బా టీవీ ఒకటుంది. బొమ్మ పోయినప్పుడల్లా పక్కన అరచేత్తో ఒకటిచ్చేది, వచ్చేసేది. కొత్తది కొనిస్తామంటే "ఇది బాగనే ఉంది కదప్పా, యాల దుడ్లు దండగ" అంటుంది. పోయిన ఎండాకాలం రెండు దెబ్బలకు కూడా రాకపోయేసరికి నేను కూర్చోవాల్సి వచ్చింది.

తట్టితే వచ్చే టీవీలో సాధారణంగా పార్టు ఏదీ కాలిపోయి ఉండదు, ఎక్కడో అతుకు వదిలి ఉంటుంది. మెకానిక్కులు దీన్ని డ్రై సోల్డర్ అంటారు. టీవీ వేసినప్పుడు వేడెక్కి, ఆపినప్పుడు చల్లారి, ఏళ్ల తరబడి ఇదే జరిగితే బరువైన పార్టుల కాళ్ల చుట్టూ సోల్డర్, అంటే వాటిని అతికించిన లోహం, పగులుతుంది. ఇది మనం చేసుకోగలిగిన పనే. అయితే ఫ్యూజు నల్లగా మాడిపోయి ఉన్నా, కాలిన వాసన వచ్చినా ఇక్కడే ఆగి మెకానిక్కుకి ఇచ్చేయండి. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టే తెలివితేటలు అసలు వద్దు.

కావాల్సినవి: 25 నుంచి 35 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 సోల్డర్ వైరు, సోల్డరింగ్ పేస్టు, పొడవాటి స్టార్ స్క్రూడ్రైవర్, పెయింట్ బ్రష్, టార్చి, హోల్డరుకు రెండు వైర్లు బిగించిన 100 వాట్ల పాత రకం బల్బు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు.

ముందు ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపితే సరిపోదు. సెట్‌టాప్ బాక్స్ వైర్లు కూడా తీసేసి, పిల్లల్ని అవతలికి పంపి, చెప్పులేసుకుని కూర్చోండి. వెనక మూత నిదానంగా లాగాలి, ఎందుకంటే పిక్చర్ ట్యూబు మెడ సన్నటి గాజు, దానికి దెబ్బ తగిలిందంటే టీవీ పని అయిపోయినట్టే. ట్యూబు పైన రబ్బరు కప్పు, దానికో లావు వైరు కనిపిస్తాయి. కలర్ టీవీలో అక్కడ 20 వేల వోల్టులకు పైనే ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా ఛార్జి నిలిచి ఉండొచ్చు. మన పనికి దాన్ని ముట్టాల్సిన అవసరమే లేదు, ముట్టకండి.

ఇంకో ప్రమాదం కిట్టు, అంటే పార్టులన్నీ అతికించి ఉండే పలక, మీదే ఉంది. కరెంటు వైరు వచ్చే వైపు, 400 వోల్టులని రాసి ఉన్న లావు కెపాసిటర్ (ఛార్జి నిలవుండే పార్టు)లో 320 వోల్టుల దాకా ఉంటుంది. కిట్టును ప్లాస్టిక్ అంచులు పట్టుకుని కొంచెం లాగి పక్కకు వాల్చి, ఒకే చేత్తో బల్బు వైర్లను ఆ కెపాసిటర్ రెండు కాళ్లకు ఆనించండి. ఛార్జి ఉంటే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. మా అవ్వ టీవీలో ప్లగ్గు పీకి పావుగంటైనా మెరిసింది, నా గుండె కూడా ఒకసారి ఝల్లుమంది. రెండోసారి ఆనిస్తే వెలగకూడదు.

ఇప్పుడు బ్రష్‌తో దుమ్ము దులపండి. మా వైపు గాలికి ఎర్రమట్టి లోపలికి పొరలు పొరలుగా చేరుతుంది, ఎండిపోయిన బల్లి దొరికినా ఆశ్చర్యపోకండి.

తర్వాత కిట్టు అడుగు భాగం మీద టార్చి అడ్డంగా పట్టి చూడండి. పగిలిన చోట కాలు చుట్టూ వెంట్రుకంత నల్ల గీత ఉంగరంలా కనిపిస్తుంది. ఎల్‌ఓటీ (ఆ రబ్బరు కప్పు లావు వైరు బయల్దేరే ట్రాన్స్‌ఫార్మర్) కాళ్లు, పక్కనున్న చిన్న డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్, ట్యూబు మెడ మీది యోక్ (రాగి తీగ చుట్ట) వైర్లు వచ్చి తగులుకునే చోటు, పవర్ స్విచ్, ఇవి ముందు చూడాలి. తెర మధ్యలో అడ్డంగా తెల్ల గీత మాత్రమే వస్తుంటే వర్టికల్ ఐసీ (బొమ్మను పైకీ కిందకీ పరిచే చిప్పు) కాళ్లు చూడండి, ఆ టీవీని అలాగే వేసి ఉంచితే తెర మీద మచ్చ పడుతుంది.

దొరికిన చోట పేస్టు కొంచెం రాసి, ఐరన్ మొనను కాలికీ, కిట్టు మీది రాగికీ రెండింటికీ తగిలేలా పెట్టి, మూడు నాలుగు సెకన్లయ్యాక కొత్త సోల్డర్ అందించండి. అది కాలు చుట్టూ పారి, చల్లారాక నున్నగా మెరవాలి. బొట్టులా ముద్దగా నిలిస్తే పట్టుకోలేదన్నట్టే, మళ్లీ వేడి చేయండి. పక్క కాలికి అంటుకుందేమో కూడా చూసుకోండి. అవ్వ టీవీలో ఎల్‌ఓటీకి రెండు కాళ్లు వదిలేశాయి, ఒకటి వేలితో కదిపితే ఊగుతోంది.

మూత బిగించాక నేరుగా ప్లగ్గు పెట్టకుండా, అదే బల్బును టీవీకి సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండా పోయి టీవీకి చేరేలా, కలిపి వేయండి. మొదట బాగా వెలిగి తర్వాత మసకబారితే షార్టు లేనట్టే, అలాగే నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి, అది మెకానిక్కు పని. బల్బు తీసేసి నేరుగా వేశాక ఒక గంట నడవనివ్వండి, ఎందుకంటే వదులు అతుకులు కొన్ని వేడెక్కాకే బయటపడతాయి. ఆ గంటలో బొమ్మ మళ్లీ పోతే తట్టకండి. ప్లగ్గు పీకి, ఇంకోసారి బల్బు ఆనించి, ఈసారి పవర్ సెక్షన్, అంటే కరెంటు వైరు వచ్చే వైపున్న పార్టుల, కాళ్లు వెతకండి.