టోరెంట్‌లో పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ: సమస్య - పరిష్కారం

టోరెంట్ ద్వారా, అంటే చాలామంది ఒకరికొకరు ఫైలు ముక్కలు పంచుకునే పద్ధతిలో, లినక్స్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దించుతున్నారు. అప్‌లోడ్ జోరుగా పోతోంది, డౌన్‌లోడ్ మాత్రం నత్తనడక. సెట్టింగులు కెలికే ముందు టోరెంట్లు దించే ప్రోగ్రామ్ క్యూబిట్‌టోరెంట్‌లో పీర్స్ (మీతో పంచుకునేవాళ్లు) ట్యాబ్ తెరిచి ఫ్లాగ్స్ (ఒక్కొక్కరి స్థితి చెప్పే అక్షరాలు) నిలువు వరుస చూడండి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

చిన్న అక్షరం డి ఎక్కువగా ఉంటే

మీరు అడుగుతున్నారు, అవతలివాళ్లు ఇవ్వడం లేదు. టోరెంట్ల వెనక ఉన్న బిట్‌టోరెంట్ పద్ధతికి జ్ఞాపకశక్తి చాలా తక్కువ. దాన్ని తయారుచేసిన బ్రామ్ కోహెన్ 2003లో వివరించిన ప్రకారం క్లయింట్ (టోరెంట్ ప్రోగ్రామ్) 10 సెకన్లకోసారి లెక్క చూసి, గత 20 సెకన్లలో తనకు వేగంగా ఇచ్చినవాళ్లకే స్లాట్లు (అప్‌లోడ్ అందుకునే చోట్లు) ఇస్తుంది. ఒక్క స్లాట్ మాత్రం 30 సెకన్లకోసారి ఎవరికో ఒకరికి అదృష్టం కొద్దీ దక్కుతుంది. నిన్న మీరు 50 జీబీ సీడ్ చేసిన (దించుకున్నది ఇతరులకు పంచిన) సంగతి ఎవరికీ పట్టదు.

కాబట్టి అందరికీ చిటికెడు చొప్పున పంచితే ఎవరి లెక్కలోనూ మీరు పైకి రారు. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అంటే సెకనుకు 1,250 కిలోబైట్లు. అందులో 80 శాతం, అంటే 1,000 దగ్గర పరిమితి పెట్టండి. 20 స్లాట్లయితే తలా 50 వస్తుంది, 4 అయితే 250. సెట్టింగుల్లోని కనెక్షన్ పేజీలో టోరెంట్‌కు 4 స్లాట్లు ఉంచి, ఒకేసారి నడిచే టోరెంట్లు తగ్గించండి.

ఆ 20 శాతం ఎందుకు వదలాలంటే, అప్‌లోడ్ లైను పూర్తిగా నిండితే మీ డౌన్‌లోడ్ తాలూకు రసీదు ప్యాకెట్లు క్యూలో చిక్కుకుంటాయి. అన్యాయం అనిపించే కొన్ని కేసులు నిజానికి ఇవే.

ఐ ఫ్లాగ్ (బయటినుంచి వచ్చిన కనెక్షన్) ఒక్కటీ లేకపోతే

బయటినుంచి ఎవరూ మిమ్మల్ని చేరలేకపోతున్నట్టుంది, పోర్టు (ప్రోగ్రామ్ కనెక్షన్లు అందుకునే తలుపు) మూసి ఉండవచ్చు. రౌటర్లో ఆ పోర్టు ఫార్వర్డ్ చేయండి, అంటే దానికి వచ్చే కనెక్షన్లు మీ కంప్యూటర్‌కు చేరేలా పెట్టండి. అయితే రౌటర్ వాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలామందికి పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టే, ఫార్వర్డింగ్ దండగ. ఇంటర్నెట్ కంపెనీని పబ్లిక్ ఐపీ (మీకే చెందిన అడ్రస్) అడగండి, లేదా ఐపీవీ6 (కొత్త తరం అడ్రస్ పద్ధతి) ఆన్ చేయండి.

మీరు సీడ్ చేస్తుంటే, నెమ్మది లైనువాళ్లకు ఏమీ అందకపోతే

సీడర్‌కు తిరిగి వచ్చేదేమీ లేదు, కాబట్టి ఇచ్చిపుచ్చుకునే లెక్క ఇక్కడ పనిచేయదు. 'ఫాస్టెస్ట్ అప్‌లోడ్' పద్ధతి వేగంగా లాగేవాళ్లకే పెడుతుంది. సెట్టింగుల్లోని అడ్వాన్స్‌డ్‌లో అప్‌లోడ్ చోకింగ్ అల్గారిథమ్‌ను (ఎవరికి స్లాటు ఇవ్వాలో తేల్చే పద్ధతిని) రౌండ్ రాబిన్ చేస్తే వంతులవారీగా అందుతుంది.

ఈమ్యూల్ (ఫైళ్లు పంచుకునే మరో ప్రోగ్రామ్) మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక క్యూలో వెనకబడితే

ఇక్కడ లెక్క ఎక్కువకాలం నిలుస్తుంది, కానీ ఇద్దరి మధ్యే. మీరు ఒకరికి 100 ఎంబీ ఇచ్చి 50 తీసుకుంటే 100×2÷50, అంటే 4 రెట్ల ప్రాధాన్యం, గరిష్ఠం 10. ఈ ఖాతా ఉండేది మీ దగ్గర కాదు, అవతలి కంప్యూటర్లో. వాళ్లు మిమ్మల్ని గుర్తుపట్టేది preferences.dat, cryptkey.dat ఫైళ్లలోని గుర్తింపుతో. అవి పోతే కొత్తవాళ్ల కిందే లెక్క. తీసేసే ముందు రెంటినీ కాపీ చేసుకుని, కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక ఈమ్యూల్ మొదటిసారి తెరవకముందే కాన్ఫిగ్ ఫోల్డర్లో పెట్టండి.