ఇంటితోట వాలంటీర్లకు శిక్షణ ఇవ్వడం ఎలా?

కొత్తగా మొక్కలు పెంచేవాళ్లకు సలహాలకు కొదవ ఉండదు. ఆకు పసుపెక్కిందంటే చాలు, ఒకరు ఎరువు వేయమంటారు, ఇంకొకరు నీళ్లు తగ్గించమంటారు, మరొకరు ఏదో మందు పేరు చెబుతారు. ఆ మొక్కను చూసినవాళ్లు మాత్రం వాళ్లలో ఎవరూ ఉండరు. మీ శిక్షణలో నుంచి బయటికొచ్చే వాలంటీరు ముందు మొక్కను చూడాలి, నాలుగు ప్రశ్నలు అడగాలి, ఆ తర్వాతే సలహా చెప్పాలి. పాఠాలన్నీ ఈ ఒక్క అలవాటు చుట్టూ అల్లుకోండి.

ఇలా వాలంటీర్లను తయారుచేసే పద్ధతికి యాభై ఏళ్లు దాటాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంటితోటల వాళ్లు అడిగే ప్రశ్నలు వెల్లువెత్తి, జనానికి సాగు సలహాలిచ్చే యూనివర్సిటీ విస్తరణ సిబ్బందికి ఊపిరాడలేదు. దాంతో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ 1973లో 'మాస్టర్ గార్డెనర్' పేరుతో శిక్షణ మొదలుపెట్టింది. మేం నేర్పుతాం, బదులుగా మీరు కొన్ని గంటలు జనానికి సాయం చేయండి అన్నదే ఒప్పందం. ఇప్పటికీ అంతకన్నా మంచి ఒప్పందం నాకు కనిపించలేదు.

1. మనుషులను ఎంచుకోండి, గంటలు ముందే చెప్పండి

బ్యాచ్‌కి పదిహేను నుంచి ఇరవై మంది చాలు. అంతకు మించితే అందరి చేతులూ మట్టిలో పడవు. మొక్కల గురించి ఎంత తెలుసన్నది పెద్దగా చూడక్కర్లేదు, అది మీరు నేర్పేదే. ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినే ఓపిక ఉందా లేదా చూడండి. ఎన్ని గంటల క్లాసులు, ఏడాదిలో ఎన్ని గంటల సేవ అన్నది కాగితం మీద రాసి మొదటిరోజే ఇవ్వండి. నలభై గంటలు నేర్పితే నలభై గంటల సేవ అడగడం న్యాయంగా ఉంటుంది.

వారానికొక క్లాసు, మూడు గంటలు, పన్నెండు నుంచి పద్నాలుగు వారాలు పెట్టుకోండి. ప్రతి క్లాసులో కనీసం సగం సమయం బయట, మొక్కల దగ్గరే గడవాలి.

2. మట్టితో మొదలుపెట్టండి

మొదటి క్లాసుకు ఎవరి పెరటి మట్టి వాళ్లే తెచ్చుకోమనండి. రాళ్లు, ఆకులు ఏరేసి, నిలువుగా ఉండే గాజు సీసాలో మూడో వంతు మట్టి పోయాలి. పైన నీళ్లు, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మూత బిగించి బాగా కుదిపి పెట్టాలి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగుకు చేరుతుంది. ఒకటి రెండు గంటల్లో దాని మీద ఒండ్రు పేరుకుంటుంది. బంకమన్ను తేరుకోవడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మర్నాడు స్కేలుతో ఒక్కో పొర మందం కొలవమనండి. పక్కపక్కన పెట్టిన సీసాల్లో పొరలు వేరువేరుగా కనిపించినప్పుడు, ఒకే సలహా అందరికీ ఎందుకు పనికిరాదో వేరే చెప్పాల్సిన పని ఉండదు.

పరీక్ష కోసం మట్టి తీయడం కూడా చేయించి చూపించండి. ఒకేచోట తవ్వితే లాభం లేదు. ఎనిమిది పది చోట్ల, సుమారు 15 సెంటీమీటర్ల లోతు వరకు తీసి కలిపి, అందులోంచి అర కిలో పంపాలి. చాలా కూరగాయలకు పీహెచ్, అంటే మట్టి పులుపా క్షారమా చెప్పే కొలత, 6 నుంచి 7 మధ్య ఉంటే బాగుంటుంది.

కంపోస్టు, నారు పోయడం, కొమ్మ కత్తిరింపులు ఒక్కో క్లాసులో అయిపోతాయి. వాటిని చేసి చూపిస్తే చాలు, ఎక్కువ మాట్లాడొద్దు.

3. సమస్యను గుర్తించడానికి ఎక్కువ క్లాసులు కేటాయించండి

మొత్తం శిక్షణలో కనీసం నాలుగు క్లాసులు దీనికే ఇవ్వండి. వాడిపోయిన మొక్క ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టండి. కారణం చెప్పమని అడగొద్దు, ప్రశ్నలు వేయమనండి. ఎప్పటి నుంచి ఇలా ఉంది? ఏ ఆకులతో మొదలైంది, పాతవా కొత్తవా? పక్క మొక్కలు ఎలా ఉన్నాయి? ఈమధ్య ఏం మార్చారు? కుండీ అడుగున రంధ్రాల్లోంచి నీరు పోతోందా?

ఆకు పసుపెక్కడమే తీసుకోండి. కింది ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని లోపం అనుమానించాలి. మొక్క పాత ఆకుల్లోని నత్రజనిని లాగి కొత్త చిగుళ్లకు పంపుకుంటుంది కాబట్టి కిందివి ముందు పాలిపోతాయి. కొత్త ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం కావచ్చు. ఇనుము అలా పాత ఆకుల నుంచి పైకి కదల్లేదు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మట్టిలో ఇనుము ఉన్నా, పీహెచ్ ఎక్కువైతే వేర్లు దాన్ని తీసుకోలేవు. అందుకే ఏదైనా వేయమనే ముందు మట్టి పరీక్ష చేయించాలి.

నీళ్ల విషయంలో పొరపాట్లు ఇంకా ఎక్కువ. నీరు నిలిస్తే వేర్లకు గాలి అందదు, అవి కుళ్లి నీటిని పీల్చుకోలేవు. తడి మట్టిలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. యజమాని కంగారుపడి ఇంకా నీళ్లు పోస్తాడు. మట్టిలో రెండు అంగుళాల లోతు వేలు పెట్టి చూడకుండా నీళ్ల గురించి సలహా ఇవ్వకూడదన్నది మీ వాలంటీర్లకు నియమం కావాలి.

ఇంకో ఆధారం, నష్టం కనిపించే తీరు. వేర్వేరు జాతుల మొక్కలన్నీ ఒకేసారి, ఒకేలా మాడితే ఎండో, ఎరువో, మందో కారణం అయ్యుండొచ్చు. ఒక మొక్కతో మొదలై మెల్లగా పక్కవాటికి పాకితే పురుగునో తెగులునో వెతకాలి. టమాటా కాయ అడుగు నల్లబడి లోపలికి కుంగితే చాలామంది తెగులనుకుని మందు కొడతారు. అది తెగులు కాదు. కాయకు కాల్షియం అందకపోవడం వల్ల అలా అవుతుంది, ఎక్కువసార్లు అసలు కారణం నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు అసలు లేకుండా పోయడమే.

4. మందు కన్నా ముందు పురుగును చూపించండి

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒక్కొక్కరికి ఒకటి ఇవ్వండి. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ, తామర పురుగులను ఆకు వెనక వాళ్లే వెతికి పట్టుకోవాలి. కొమ్మ మీద చీమల బారు కనిపిస్తే ఆగమనండి. పేనుబంక, పిండినల్లి వదిలే తీపి జిగురు కోసమే చాలాసార్లు చీమలు వస్తాయి.

అక్షింతల పురుగు పిల్లను తప్పకుండా చూపించండి. నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో చిన్న మొసలిలా ఉంటుంది. చూడగానే నలిపేయాలనిపిస్తుంది. నిజానికి అది పేనుబంకను ఆబగా తినే మిత్రపురుగు. ఒకసారి దగ్గర నుంచి చూసినవాళ్లు మళ్లీ దాన్ని చంపరు.

మందు తప్పదనుకున్నప్పుడు లేబుల్ చదవడం నేర్పండి. ఏ మొక్కకు వాడొచ్చు, ఎంత మోతాదు, కొట్టిన ఎన్ని రోజులకు కాయ కోయొచ్చు అన్నవి అక్కడే ఉంటాయి. లేబుల్‌కు మించిన మోతాదు ఏ వాలంటీరూ చెప్పకూడదు.

5. సలహా బల్ల దగ్గర కూర్చోబెట్టండి

ఆఖరి రెండు క్లాసుల్లో సగం మంది ఇంటితోటవాళ్లుగా, మిగతా సగం వాలంటీర్లుగా కూర్చోవాలి. ప్రశ్న అడిగేవాళ్లు కొన్ని వివరాలు కావాలనే దాచిపెట్టాలి, నిజంగా జనం అలాగే వస్తారు. "నాకు తెలియదండీ, కనుక్కుని చెబుతాను" అనే మాట ప్రతి ఒక్కరితో గట్టిగా అనిపించండి. మొదట్లో చాలామందికి ఇది నామోషీగా ఉంటుంది. టెన్షన్‌లో నోటికొచ్చింది చెప్పేస్తారు. ఆ భయం క్లాసులోనే పోవాలి.

తర్వాత ఒకటి రెండు నెలల పాటు, జనం ప్రశ్నలతో వచ్చే సలహా బల్ల దగ్గర, అనుభవం ఉన్నవాళ్ల పక్కన కూర్చోనివ్వండి. ప్రతి ప్రశ్నకూ రిజిస్టరులో తేదీ, మొక్క, లక్షణం, ఇచ్చిన సలహా రాయించండి. పక్కనే ఒక గడి ఖాళీగా వదలండి. మూడు వారాల తర్వాత అడిగినవాళ్లకు ఫోన్ చేసి, మొక్క ఎలా ఉందో తెలుసుకుని ఆ గడి నింపాలి. నెలకోసారి అందరూ కూర్చుని ఆ రిజిస్టరు తిరగేయండి. సలహా పనిచేయని చోట ఏ ప్రశ్న అడగలేదో వెతికితే, వచ్చే బ్యాచ్‌కి ఏ పాఠం ఇంకాస్త ఎక్కువ చెప్పాలో మీకే తెలిసిపోతుంది.